పర్యవేక్షణలో విజిటేషన్: బిడ్డ భద్రంగా ఉండేలా ఆర్డరు ఎలా తెచ్చుకోవాలి, ఎలా అమలు చేయాలి

భార్యాభర్తలు విడిపోయాక బిడ్డ ఒకరి దగ్గర పెరుగుతుంటే, రెండోవారు వచ్చి కలవడానికి కోర్టు కొంత సమయం ఇస్తుంది. దాన్నే విజిటేషన్ అంటున్నాం. ఆ కలయికలో బిడ్డకు హాని జరగవచ్చని కోర్టుకు అనిపిస్తే, మూడో మనిషి సమక్షంలోనే కలవాలని షరతు పెడుతుంది. చాలా ఆర్డర్లలో ఈ షరతు ఒక్క వాక్యంతో అయిపోతుంది: "ప్రతివాది నెలకు రెండు ఆదివారాలు పర్యవేక్షణలో బిడ్డను కలవవచ్చు." ఎవరి పర్యవేక్షణ? ఎక్కడ? ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా? తాగి వస్తే ఆపే అధికారం ఎవరిది? ఏదీ ఉండదు. మొదటి ఆదివారమే గొడవ, అదీ బిడ్డ కళ్ల ముందే. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆర్డరులో ఏం రాయించుకోవాలన్న దాని గురించే చెబుతున్నాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో పద్ధతి ప్రకారం రాస్తున్నాం కాబట్టి మీ లాయరు దగ్గరకు వెళ్లేటప్పుడు దీన్ని వెంట తీసుకెళ్లండి.

ఏ కోర్టు, ఏ పిటిషను

విడాకుల కేసు ఇప్పటికే నడుస్తుంటే, హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద అదే కేసులో ఐఏ (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర పిటిషను) వేయవచ్చు. కేసేమీ లేకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఓపీ (అసలు పిటిషను) వేసి, దానితో పాటే సెక్షన్ 12 కింద మధ్యంతర ఐఏ పెట్టాలి. ఈ చట్టం ఏ మతం వారికైనా వర్తిస్తుంది. బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటోందో ఆ ఊరి పరిధిలోని ఫ్యామిలీ కోర్టులో వేయాలి. ఫ్యామిలీ కోర్టు లేని చోట జిల్లా కోర్టు చూస్తుంది. మీ పెళ్లి ఎక్కడ జరిగిందన్నది దీనికి లెక్కకు రాదు. బిడ్డ ఆ ఊళ్లోనే ఉంటోందని చూపించడానికి స్కూలు బోనఫైడ్ సర్టిఫికెట్, టీకాల కార్డు పనికొస్తాయి.

ఇంట్లో హింస జరుగుతుంటే రెండో దారి ఉంది. 2005 గృహహింస చట్టం సెక్షన్ 21 కింద మేజిస్ట్రేటు బిడ్డ తాత్కాలిక కస్టడీని తల్లికి ఇవ్వవచ్చు. తండ్రి కలవడం బిడ్డకు హానికరం అనిపిస్తే అసలు విజిట్ లేకుండానే ఆర్డరు ఇవ్వవచ్చు. అయితే ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మేజిస్ట్రేటు "ఈ మహిళను ఏ రకంగానూ సంప్రదించకూడదు" అని రక్షణ ఉత్తర్వు ఇస్తారు, ఫ్యామిలీ కోర్టు "ఆదివారం తల్లి బిడ్డను తండ్రికి అప్పగించాలి" అంటుంది. రెండూ ఒకేసారి పాటించడం కుదరదు. కాబట్టి ఒక కోర్టు ఇచ్చిన ప్రతి ఆర్డరునూ, క్రిమినల్ కేసులో బెయిలు షరతులతో సహా, రెండో కోర్టులో మెమోతో (విషయం తెలిపే చిన్న కాగితంతో) దాఖలు చేయండి. అప్పగింత మూడో మనిషి ద్వారానే జరగాలని అడగండి.

లాయరు ఫీజుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ప్రమాదం ఏమిటో కాగితం మీద పెట్టండి

"ఆయన మంచివాడు కాడు, నాకు భయంగా ఉంది" అని అఫిడవిట్‌లో రాస్తే జడ్జిగారికి ఆనేది ఏమీ ఉండదు. ప్రతి రెండో కేసులో అదే వాక్యం ఉంటుంది. జరిగిన సంఘటనలను తేదీ, వేళ, చోటు, ఎవరు చూశారు, బిడ్డ అప్పుడు ఎక్కడ ఉంది అన్న వరుసలో రాయండి. నాలుగైదు గట్టి సంఘటనలు చాలు. ఇరవై ఆరోపణలు పెడితే అసలైనవి వాటి మధ్య కనబడకుండా పోతాయి. ఆసుపత్రి ఓపీ చీటీ, 112కు చేసిన కాల్ వివరాలు, స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు రసీదు, డీ-అడిక్షన్ సెంటర్ డిశ్చార్జ్ కాగితం, స్కూలు టీచరు రాసిచ్చిన ఉత్తరం లాంటివి జతచేయండి. వాట్సాప్ మెసేజీలు, ఆడియోలు పెడితే 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా ఉండాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల వరుస) రాయాల్సి ఉంటుంది కాబట్టి ఒరిజినల్ ఫైలు ఉన్న ఫోన్‌ను అమ్మేయవద్దు, ఫార్మాట్ చేయవద్దు.

తర్వాత, ఏ ప్రమాదానికి ఏ షరతు కావాలో జత కలపండి. తాగుడు సమస్య అయితే, తాగి వస్తే విజిట్ ఆపే అధికారం పర్యవేక్షకులకు కావాలి. బిడ్డను ఎత్తుకుపోతారని భయం ఉంటే ఒకే ద్వారం ఉన్న మూసిన ఆవరణ కావాలి, పాస్‌పోర్టు కోర్టులో డిపాజిట్ కావాలి. కొట్టిన చరిత్ర ఉంటే తల్లిదండ్రులు ఒకరికొకరు ఎదురుపడకుండా రాకపోకల వేళలు వేరు కావాలి. లైంగిక వేధింపు అనుమానం ఉంటే విచారణ తేలేదాకా విజిట్ వద్దని అడగడమే సరైన పని. కోర్టు ఒప్పుకోకపోతే, మనిషి కనిపించేలా, ప్రతి మాటా వినిపించేలా పర్యవేక్షణ ఉండాలి. ఏళ్ల తరబడి చూడని తండ్రి లేదా తల్లి వస్తున్నారంటే అక్కడ ప్రమాదం లేదు, కొత్త మాత్రమే. దానికి కొద్ది సమయంతో మొదలై పెరిగే ఏర్పాటు చాలు.

మనోవర్తి ఇవ్వకపోవడం, అత్తగారితో పడకపోవడం, మళ్లీ పెళ్లి చేసుకోవడం పర్యవేక్షణకు కారణాలు కావు. వాటిని కలిపితే మీ నిజమైన భయాన్ని కూడా కోర్టు కక్ష కిందే జమకడుతుంది. "డబ్బు ఇవ్వలేదు కాబట్టి బిడ్డను చూపించను" అనడానికి వీల్లేదు, "బిడ్డను చూపించలేదు కాబట్టి డబ్బు ఇవ్వను" అనడానికీ వీల్లేదు.

బిడ్డ మనసు నిపుణులతో పరిశీలించాలని ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 12 కింద అడగవచ్చు. మీరే ప్రైవేటుగా ముగ్గురు కౌన్సెలర్లకు చూపించి మూడు రిపోర్టులు తేవడం కన్నా, కోర్టు పంపిన ఒక ప్రభుత్వ మానసిక వైద్యుల రిపోర్టుకు విలువ ఎక్కువ. పైగా బిడ్డ ఒకే విషయం నలుగురికి చెప్పాల్సిన బాధ తప్పుతుంది. విచారణ నలుగురిలో జరగకూడదనుకుంటే సెక్షన్ 11 కింద ఇన్-కెమెరా అడగండి. ఒక పక్షం కోరితే కోర్టు ఇచ్చి తీరాలి.

ఆర్డరులో ఉండాల్సిన మాటలు

ఐఏ ప్రార్థనలోనే ఈ షరతులన్నీ విడివిడిగా పెట్టండి. వాదనలో నోటితో చెప్పినవి ఆర్డరులోకి రావు. ఒక నమూనా ఇస్తున్నాం, ఇందులో ప్రతివాది అంటే బిడ్డను కలవడానికి వచ్చేవారు. మీ కేసుకు తగ్గట్టు మార్చుకోండి.

1. ప్రతివాది ప్రతి నెలా మొదటి, మూడో ఆదివారం ఉదయం 10.30 నుంచి 12.00 వరకు, ఫలానా చోట, ఫలానా వ్యక్తి పర్యవేక్షణలో బిడ్డను కలవాలి. ఆ వ్యక్తికి కుదరని రోజున ఫలానా రెండో వ్యక్తి ఉంటారు. ఇద్దరూ లేకపోతే ఆ విజిట్ తర్వాతి ఆదివారానికి మారుతుంది.

2. ప్రతివాది 10.15కల్లా లోపలికి వచ్చి కూర్చోవాలి. బిడ్డ 10.30కి వస్తుంది. విజిట్ అయ్యాక బిడ్డ వెళ్లిపోయిన 20 నిమిషాల దాకా ప్రతివాది అక్కడే ఉండాలి. అప్పగింత పర్యవేక్షకుల ద్వారానే.

3. ప్రతివాది 30 నిమిషాల కన్నా ఆలస్యమైతే ఆ రోజు విజిట్ రద్దు. రాలేకపోతే 24 గంటల ముందు పర్యవేక్షకులకు మెసేజ్ పెట్టాలి.

4. పర్యవేక్షకులు బిడ్డను ఎప్పుడూ చూపు దాటనివ్వకూడదు, మాటలు వినిపించేంత దగ్గరలో ఉండాలి. వారికి తెలిసిన భాషలోనే మాట్లాడాలి. చెవిలో చెప్పడం, చీటీలు ఇవ్వడం కుదరదు.

5. బిడ్డను వాష్‌రూమ్‌కు పర్యవేక్షకులే తీసుకెళ్లాలి.

6. ప్రతివాదితో ఫలానా ఇద్దరు తప్ప వేరెవరూ రాకూడదు. వారి పేర్లు ఆర్డరులోనే ఉండాలి.

7. కేసు గురించి, తల్లి గురించి, ఇంటి చిరునామా, స్కూలు గురించి బిడ్డను అడగకూడదు. వీడియో, ఆడియో రికార్డు చేయకూడదు. పర్యవేక్షకులు తీసిన ఒక ఫొటో ఇద్దరికీ ఇవ్వవచ్చు, దాన్ని సోషల్ మీడియాలో పెట్టకూడదు.

8. కానుకలు ముందుగా పర్యవేక్షకులకు చూపించాలి. ఫోన్, సిమ్, స్మార్ట్‌వాచ్, ట్రాకర్ ఇవ్వకూడదు. తినుబండారాలు ఆర్డరులో రాసిన జాబితాలోనివే.

9. మద్యం తాగినట్టు కనిపించినా, బెదిరించినా, కొట్టినా, పై షరతు మీరినా, బిడ్డ ఓదార్చినా ఆగకుండా 20 నిమిషాల పాటు ఏడ్చినా, పర్యవేక్షకులు ఆ రోజుకు విజిట్ ఆపవచ్చు. కారణం అప్పుడే రాసి, మూడు పనిదినాల్లో కోర్టుకు పంపాలి. ఇలా ఆపడం ఆర్డరు ఉల్లంఘన కాదు.

10. బిడ్డను ఆ ఆవరణ బయటికి తీసుకెళ్లకూడదు. కోర్టు అనుమతి లేకుండా కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయకూడదు.

11. బిడ్డకు జ్వరం వస్తే డాక్టరు చీటీ ఫొటో ఆ ఉదయమే పంపాలి. ఆ విజిట్ తర్వాతి వారానికి మారుతుంది.

12. పర్యవేక్షకుల ఖర్చు ఎవరు ఎంత ఇవ్వాలి, ఎప్పటిలోగా.

13. ఆరు విజిట్ల తర్వాత ఫలానా తేదీన కోర్టు సమీక్షిస్తుంది.

వీటిలో తొమ్మిదోది ఒక్కటి లేకపోతే మిగతావన్నీ ఉన్నా లాభం లేదు. తూలుతూ వచ్చిన మనిషికి బిడ్డను ఇవ్వనన్న తల్లి మీదే "కోర్టు ఆర్డరు పాటించలేదు" అని పిటిషను పడుతుంది. ఆపే అధికారం, ఆపితే తప్పు కాదన్న మాట, రెండూ ఆర్డరులో ఉండాలి. చివరి షరతును బిడ్డ దగ్గర లేనివారు పట్టుబట్టి రాయించుకోవాలి. సమీక్ష తేదీ లేని పర్యవేక్షణ ఏళ్ల తరబడి అలాగే సాగిపోతుంది.

చాలా ఆర్డర్లు విజిట్‌ను కోర్టు ఆవరణలోనే, పనిదినాన పెడతాయి. అలా పెడితే కోర్టుకు సెలవైన శనివారాల్లో, సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో ఏం చేయాలో కూడా రాయించండి. లేకపోతే మే నెలంతా విజిట్ ఉండదు. జూన్‌లో బిడ్డ మళ్లీ కొత్తగా చూస్తుంది.

ఆర్డరు వచ్చిన రోజే కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఒకటి పర్యవేక్షకులకు, ఒకటి మీ పరిధిలోని స్టేషన్ హౌస్ ఆఫీసరుకు, ఒకటి స్కూలు ప్రిన్సిపాల్‌కు రసీదు మీద ఇవ్వండి. కాపీ చేతిలో లేకపోతే పోలీసులు "ఇది మీ కుటుంబ గొడవ" అని పంపేస్తారు.

పర్యవేక్షించేది ఎవరు, ఎక్కడ

ఫ్యామిలీ కోర్టు కౌన్సెలరు, కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్, న్యాయసేవాధికార సంస్థ పారాలీగల్ వలంటీరు, ఇద్దరూ ఒప్పుకున్న బంధువు. మన కోర్టుల్లో దొరికేది ఈ నలుగురిలో ఒకరే. కొట్టడం, ఎత్తుకుపోవడం, లైంగిక వేధింపు అన్న మాట ఉన్న కేసుల్లో బంధువు వద్దు. నాన్నమ్మ కొడుకును ఆపలేదు, అమ్మమ్మ కోపం దాచుకోలేదు. బిడ్డ ఇద్దరి ముఖాలూ చదివేస్తుంది. ప్రమాదం తక్కువ ఉన్నప్పుడు ఇరువైపులా మాట చెల్లే పెదనాన్న, మేనత్త, రిటైరైన టీచరు లాంటివారు బాగా పనికొస్తారు.

ఎవరైనా సరే, ముందుగా ఒక అఫిడవిట్ ఇవ్వాలి: ఆర్డరు చదివాను, విజిట్ అంతసేపూ ఉంటాను, కావాలంటే ఆపుతాను, కోర్టు పిలిస్తే వచ్చి చెబుతాను. నలుగురిలో "ఇక చాలు, ఆపండి" అనగలిగే మనిషేనా అని ఒకసారి ఆలోచించండి. ఇద్దరు పిల్లలుండి, ఒకరు మూడేళ్లలోపు వారైతే ఇద్దరు పర్యవేక్షకులు కావాలి. చిన్నది వాష్‌రూమ్ అన్నప్పుడు పెద్దవాడు ఒంటరిగా మిగిలిపోతాడు.

చోటు చూసుకోవడానికి ఒకరోజు ముందు వెళ్లండి. ఎన్ని ద్వారాలున్నాయి, వాష్‌రూమ్ లోపలే ఉందా, నీడ, తాగునీళ్లు ఉన్నాయా, ఫోన్ సిగ్నల్ వస్తుందా చూడండి. షాపింగ్ మాల్‌లో మాటలు వినిపించవు, మనిషి సులువుగా గుంపులో కలిసిపోవచ్చు. పార్కు ప్రమాదం తక్కువ ఉన్న కేసులకే. 2024 డిసెంబరులో తమిళనాడు కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చింది. రెండేళ్లు దాటిన చిన్నపాపను ప్రతి ఆదివారం మదురై నుంచి కరూర్‌కు తీసుకెళ్లాల్సి వచ్చేది. సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. తండ్రే మదురై వచ్చి పార్కులోనో గుడి ఆవరణలోనో ఉదయం 10 నుంచి 2 దాకా కలవాలని, తల్లి దాదాపు పది అడుగుల దూరంలో ఉండవచ్చని చెప్పింది. ప్రయాణం చేయాల్సింది పెద్దవాళ్లే అని వాదించడానికి ఇది పనికొస్తుంది.

ఆ రోజు

చిన్నపిల్లలకు నాలుగు రోజుల ముందు నుంచి చెబితే నాలుగు రోజులూ బెంగ పెట్టుకుంటారు. అయిదేళ్లలోపు వారికి ముందురోజు సాయంత్రం చెప్పండి, పెద్దవాళ్లకు రెండు రోజుల ముందు. "రేపు పొద్దున నాన్నను చూడటానికి వెళ్తాం. టీచరమ్మ గారు అంతసేపూ నీ పక్కనే ఉంటారు. రెండు ముళ్లూ పన్నెండు దగ్గరకొచ్చేసరికి నేను వచ్చేస్తా." ఇంతే. "ఏం భయపడకు" అనవద్దు. ఆ మాట వింటేనే భయపడాల్సింది ఏదో ఉందని పిల్లలకు అర్థమవుతుంది. "ఏమైనా చేస్తే గట్టిగా అరువు" అని కూడా వద్దు. ఇష్టం లేనప్పుడు "టీచరమ్మా, చాలు" అనవచ్చని మాత్రం నేర్పండి.

స్కూలు యూనిఫాం, ఐడీ కార్డు, పేరు రాసిన స్కూలు బ్యాగు వద్దు. చిరునామా రహస్యంగా ఉండాల్సిన కేసుల్లో ఇవే బయటపెడతాయి. బిడ్డ ట్యాబ్‌లో లొకేషన్ షేరింగ్, ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌పై పెద్దలు నిఘా ఉంచే గూగుల్ యాప్) ఎవరి అకౌంట్‌తో నడుస్తోందో చూడండి. పాత ఇంట్లో పెట్టిన సెట్టింగు మారకుండా ఉండిపోవడం చాలా మామూలు. నీళ్ల సీసా, అలవాటైన బొమ్మ, ఒక జత బట్టలు, వేసుకునే మందులుంటే రాసిన చీటీ పంపండి. ఎప్పుడూ వెళ్లే బండి కాకుండా ఆటోలో వెళితే ఇంకా మేలు.

కలవడానికి వచ్చేవారికి: మొదటి పది నిమిషాలు బిడ్డ మీ దగ్గరకు రాకపోవచ్చు. ఎత్తుకోవడానికి చేతులు చాచవద్దు. నేల మీద కూర్చుని రంగు పెన్సిళ్లో, బ్లాకులో, క్యారమ్‌లో మీరే ఆడటం మొదలుపెట్టండి, బిడ్డే వస్తుంది. ఖరీదైన బొమ్మల కన్నా ప్రతిసారీ అదే ఆటను కొనసాగించడం వల్ల బంధం త్వరగా కలుస్తుంది. "నన్ను మర్చిపోయావా? అమ్మ నా గురించి ఏం చెబుతోంది?" అన్న ప్రశ్నలు విజిట్‌ను అక్కడే ముగించేస్తాయి. ఏడుపు వచ్చినా బిడ్డ ముందు ఏడవకండి. పర్యవేక్షణ మీ మీద పడ్డ ముద్ర అనుకుంటే కోపం వస్తుంది. నిజానికి మీ మీద తప్పుడు ఆరోపణ ఉందని మీరు నమ్మితే, అది అబద్ధమని చూపించే సాక్ష్యం ఆ పర్యవేక్షకుల రికార్డే. ప్రతిసారీ వేళకు రండి, ఒక్కటి కూడా మానకండి.

తిరిగొచ్చాక బిడ్డను ప్రశ్నలతో తినేయవద్దు. "ఆకలేస్తోందా? అన్నం తిందామా?" చాలు. ఆ సాయంత్రం పక్క తడపడం, ఊరికే కసురుకోవడం, అతుక్కుపోవడం చాలామంది పిల్లల్లో ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే అది రెండు ఇళ్ల మధ్య నలిగే బిడ్డ పడే ఒత్తిడి, నేరానికి రుజువు కాదు. ప్రతిసారీ పెరుగుతూ పోతే తేదీలు రాసి పిల్లల డాక్టరుకు చూపించండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీకి వెళ్లవచ్చు.

రికార్డు రాయడం

కోర్టులో చివరికి నిలబడేది ఇదే. పర్యవేక్షకులు చూసింది, విన్నది మాత్రమే రాయాలి, అనుకున్నది కాదు. "తండ్రి చెడ్డగా ప్రవర్తించాడు, బాబు భయపడ్డాడు" అన్న వాక్యం క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండు నిమిషాలు కూడా నిలవదు. ఇలా రాయాలి:

"తండ్రి రాక 10.12. బాబు 10.31కి వచ్చాడు, నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. 10.40కి వెళ్లి తండ్రి పక్కన కూర్చున్నాడు, ఇద్దరూ బొమ్మ గీశారు. 10.55కి తండ్రి 'ఇప్పుడు ఏ స్కూలు నీది?' అన్నారు. అది అడగకూడదన్నాను. సరే అని ఆపారు. 11.20కి వాష్‌రూమ్, నేను తీసుకెళ్లాను. 11.58కి బాబు టాటా చెప్పాడు. 12.02కి తల్లి తరఫు మేనమామకు అప్పగించాను. సంతకం."

మంచి కూడా ఇదే ఓపికతో రాయాలి. చెడు మాత్రమే ఉన్న రికార్డును కోర్టు నమ్మదు. పేజీ నంబర్లున్న నోటుపుస్తకంలో, అదే రోజు, కొట్టివేతలు లేకుండా రాసి, ఫొటో తీసి ఇరువైపులా పంపితే తర్వాత మార్చారన్న మాట రాదు.

బిడ్డ ఏదైనా చెబితే

లైంగిక వేధింపు లేదా దెబ్బల గురించి బిడ్డ నోరు విప్పితే, ఆ మొదటి పది నిమిషాల్లో మీరు చేసేదే కేసును నిలబెడుతుంది, లేదా చెడగొడుతుంది.

కూర్చుని వినండి. "ఏమైంది, చెప్పు", "తర్వాత?" అన్న రెండు మాటలు చాలు. "నాన్న నిన్ను అక్కడ ముట్టుకున్నాడా?" అని మీరే జవాబు అందిస్తూ అడగవద్దు. రేపు బిడ్డకు నేర్పించారన్న వాదన మొదలయ్యేది ఇక్కడే. వీడియో తీస్తూ మళ్లీ చెప్పించవద్దు. "చెప్పి మంచిపని చేశావు, నీ తప్పేమీ లేదు" అనండి. "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇవ్వకండి, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. పక్కకు వెళ్లి బిడ్డ అన్న మాటలను బిడ్డ వాడిన పదాల్లోనే, వేళతో రాసుకోండి.

జరిగి ఎంతోసేపు కాకపోతే స్నానం చేయించవద్దు. బట్టలు ఉతకకుండా కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ వద్దు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 27 ప్రకారం ఎఫ్ఐఆర్ కాకముందే పరీక్ష చేయవచ్చు. ఆడపిల్లకు మహిళా డాక్టరే చేయాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. సెక్షన్ 19 ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ బాధ్యత పర్యవేక్షకులకూ, కౌన్సెలరుకూ, టీచరుకూ ఉంది. "వచ్చే వాయిదాలో జడ్జిగారికి చెబుదాం" అని ఆగడం కుదరదు. వాంగ్మూలం బిడ్డ ఇంట్లోనో, బిడ్డకు ఇష్టమైన చోటో తీసుకోవాలి. అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్సై ఉండాలి. బాధిత మహిళలకు, పిల్లలకు సాయం చేసే కేంద్రాలు, తెలంగాణలో భరోసా, రెండు రాష్ట్రాల్లోనూ సఖి, ఈ పనిలో తోడుంటాయి.

ఆ మర్నాడే ఎఫ్ఐఆర్ కాపీతో ఫ్యామిలీ కోర్టులో అర్జెంట్ ఐఏ వేసి విజిట్ ఆపమని అడగండి. ఆర్డరు వచ్చేలోపు విజిట్ రోజు పడితే, ఎందుకు తీసుకురావడం లేదో ఒక మెమో దాఖలు చేసి ఎదుటి లాయరుకు కాపీ ఇవ్వండి. ఏమీ చెప్పకుండా మానేస్తే తర్వాత ఏ కారణం చెప్పినా సాకులాగే కనబడుతుంది.

కస్టడీ గెలవడానికి పోక్సోను వాడుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అబద్ధపు ఫిర్యాదుకు సెక్షన్ 22 కింద శిక్ష ఉంది. అంతకన్నా పెద్ద నష్టం, జరగనిదాన్ని జరిగిందని పదిమందికి పదిసార్లు చెప్పాల్సివచ్చిన బిడ్డకు.

ఆర్డరు మార్చుకోవడం, పాటించకపోతే చేయాల్సింది

ఆరు విజిట్ల రికార్డు బాగుంటే తర్వాతి మెట్టు అడగండి: గంటన్నర నుంచి మూడు గంటలు, తర్వాత పర్యవేక్షకులు కొంత దూరంలో, ఆ తర్వాత మొదట, చివర మాత్రమే పర్యవేక్షణ. రాత్రి ఉంచుకోవడం అన్నిటికన్నా ఆఖరు. ఒకేసారి రెండు మెట్లు అడగడం వల్లే చాలా పిటిషన్లు కొట్టేస్తారు. వెనక్కి తగ్గించాలన్నా ఇదే దారి, రికార్డు జతచేసి ఐఏ.

వరుసగా బిడ్డను చూపించకపోతే, రాకపోతే, షరతులు మీరితే, ముందు లాయరు నోటీసు, తర్వాత అదే కోర్టులో అమలు పిటిషను. కావాలనే ధిక్కరిస్తే హైకోర్టులో కోర్టు ధిక్కార పిటిషను వేయవచ్చు. ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపే వేయాలి. గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా ఉంది. మధ్యంతర ఆర్డరు నచ్చకపోతే ఫ్యామిలీ కోర్టుల చట్టం కింద అప్పీలు లేదు, హైకోర్టులో సివిల్ రివిజన్ వేస్తారు. చివరి ఆర్డరు మీద మాత్రం 30 రోజుల్లో అప్పీలు. వరుసగా విజిట్లను అడ్డుకున్నవారి చేతిలోంచి కస్టడీయే మారిపోయే అవకాశం ఉందని గుర్తుంచుకోండి.

ఒకరు విదేశాల్లో ఉంటే

పిల్లలను ఎత్తుకెళ్లడం మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అందువల్ల అక్కడి కోర్టు ఆర్డరు ఇక్కడ దానంతటదే అమలు కాదు, ఇక్కడి కోర్టు బిడ్డ క్షేమాన్ని మళ్లీ చూస్తుంది. బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉంటే రెండూ డిపాజిట్ చేయించాలి. ఒక్కటే అడిగి వదిలేయకండి. కాలిఫోర్నియా లాంటి చోట్ల కోర్టు ప్రొఫెషనల్ పర్యవేక్షకులను పెడుతుంది. వారికి 24 గంటల శిక్షణ తప్పనిసరి, బిడ్డకు హాని జరిగిందన్న అనుమానం వస్తే వారే అధికారులకు చెప్పాలి. అక్కడి రికార్డులను ఇక్కడ దాఖలు చేయాలనుకుంటే సంతకం, ముద్ర ఉన్న కాపీలు ముందే తెచ్చుకోండి.

వీడియో కాల్‌తో కలవడాన్ని 2020లో సుప్రీంకోర్టు గట్టిగా సమర్థించింది. రోజూ అయిదు, పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఉండాలని చెప్పింది. దీనికీ పర్యవేక్షణ పెట్టవచ్చు. కాల్ స్పీకర్‌లో ఉండాలి, పర్యవేక్షకులు గదిలో ఉండాలి, రికార్డింగ్ ఉండకూడదు, వెనక ఇంటి కిటికీ, స్కూలు క్యాలెండరు కనిపించకుండా కెమెరా గోడకేసి ఉండాలి. వేళను భారత కాలమానంలోనే రాయించండి. అమెరికాలో మార్చిలో, నవంబరులో గడియారాలు మారినప్పుడు గంట తేడా వస్తుంది. ఆ రెండు వారాలే "కాల్ ఎత్తలేదు" అన్న ఫిర్యాదులు ఎక్కువ పడతాయి.